మూడు సీసాల్లో ఒక్క కడుపు

నూకరత్నం మేడమెట్లెక్కి వచ్చే వేళకి డిటెక్టివ్ పరదేశి అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకుంటున్నాడు.

"బాబూ, నా హోటలు మూయించేసినారు. సోమవారం లైసెన్సు కూడా తీసేత్తారట," అందామె గుమ్మంలోంచే.

కత్తెర జారింది. కుడివైపు మీసం సగానికి సగం పోయింది. ఈ కేసు నడిచినన్నాళ్లూ పరదేశి అందరికీ ఎడమ చెంప చూపిస్తూనే మాట్లాడాడు. అది డిటెక్టివుల పద్ధతి కాబోలనుకుని అసిస్టెంటు దేముడు కూడా మెడ పక్కకి తిప్పి మాట్లాడటం మొదలుపెట్టాడు.

యుద్ధం ముగిసిన మరుసటేడు వేసవి అది. అనకాపల్లి మెయిన్ రోడ్డులో తమలపాకుల కొట్టు మీద ఉన్న మేడగదికి 'ప్రైవేటు డిటెక్టివు' అని బోర్డు వేలాడుతూ ఉండేది. అప్పటికి పరదేశి పట్టుకున్నవాటిలో దొంగల కంటే గేదెలే ఎక్కువ. కశింకోటలో తప్పిపోయిన గేదెను నక్కపల్లి సంతలో గుర్తుపట్టడం ఆయన సాధించిన ఘనవిజయం. దేముడు పూర్వం జట్కా తోలేవాడు. ఆ గేదె కేసు చూశాక గుర్రాన్ని అమ్మేసి ఆయన దగ్గర చేరిపోయాడు. తన గురువుకి తెలియని విషయం లోకంలో లేదని అతని నమ్మకం. గురువుగారి నమ్మకం కూడా దాదాపు అదే.

"కూర్చోండమ్మా. మొదట్నుంచీ చెప్పండి," అన్నాడు పరదేశి ఎడమ చెంపతో.

నూకరత్నం బెల్లం మార్కెట్టు పక్కన టిఫిన్ హోటలు నడుపుతుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ హోటలే ఆమెకి మొగుడూ బిడ్డలూ. గుమ్మం మీద 'శుద్ధ శాకాహారం' అని పెద్ద అక్షరాలతో రాయించింది. ఆవిడ వడ్డించే ఇడ్లీ, కొబ్బరి పచ్చడి కోసం బెల్లం కొనడానికి వచ్చే షావుకార్లు పనిలేకపోయినా ఆ వీధిన తిరిగేవారు.

"ఈ ఏసవిలో ఊళ్లో సన్నిపాత జరాలు వచ్చేయి బాబూ. టైఫాయిడంటారట. పడకేసినోళ్లందరూ మా హోటల్లో తిన్నోళ్లే. హెల్తాఫీసరు బాబు వచ్చి మా ముగ్గురికీ మూడు సీసాలిచ్చేడు. నాకోటి, వంట ఎర్రయ్యకోటి, వడ్డించే సత్తియ్యకోటి."

"సీసాలెందుకు?" అన్నాడు దేముడు.

నూకరత్నం తల వంచుకుంది. పరదేశి దగ్గాడు. కాస్త ఆలస్యంగా దేముడికి అర్థమై, అతనూ దగ్గాడు.

"ఆటిని రైల్లో విశాపట్నం లేబొరేటరీకి అంపేరు. ముగ్గురి సీసాల్లోనూ పురుగున్నాదని తేలిందట. మాకు జరం లేదు, దగ్గు లేదు. ఆ ఎదుర కాఫీ క్లబ్బు రాములే ఏదో సేయించేడు. నాకు ఆ పొయ్యి తప్ప మరేటీ లేదు బాబూ. ఎర్రయ్య, సత్తియ్య కూడా నాతోపాటు రోడ్డున పడతారు."

"మీ సీసాలో ఉన్నది మీదేనా?"

నూకరత్నం ఆయన్ని తేరిపార చూసింది. "ఆడకూతుర్ని అడగవలసిన మాటేటి బాబూ అది," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ప్రశ్నకి అది జవాబు కాదని పరదేశి గమనించాడు. గమనించినట్టు గురువుగారు కనుబొమ్మ ఎగరేయడం దేముడు గమనించాడు.

హెల్త్ ఆఫీసరుగారు పొట్టిగా, కోపంగా, శుభ్రంగా ఉండే మనిషి. డిటెక్టివులంటే ఆయనకి గౌరవం లేదు. కానీ ఈ కేసు ఆయన్ని కూడా నిద్రపోనివ్వడం లేదు.

"లేబొరేటరీవాళ్లు ఏం చేస్తారో తెలుసా? గాజు పళ్లెంలో క్రిములకి మేత పోసి, దాని మీద ఈ శాంపిలు రాసి, వెచ్చగా ఉంచుతారు. క్రిములుంటే చుక్కలు చుక్కలుగా పైకి తేలతాయి. అందులో టైఫాయిడ్ క్రిమి ఏదో వేరు చేసి, మళ్లీ పరీక్ష పెట్టి తేలుస్తారు. ఊహలతో చేసే పని కాదు."

"జ్వరం లేని మనిషిలో క్రిమి ఎలా ఉంటుంది డాక్టరుగారూ?"

"ఎప్పుడో జ్వరం వచ్చి తగ్గి ఉంటుంది. అలాంటివాళ్లలో నూటికి ఇద్దరికో ముగ్గురికో క్రిమి కడుపులోనే కాపురం పెడుతుంది. మనిషి రాయిలా తిరుగుతుంటాడు. దొడ్డికి వెళ్లి వచ్చి చేతులు సరిగా కడుక్కోకుండా తిండి ముట్టుకున్నాడంటే ఎదటివాడు మంచం ఎక్కుతాడు. బాగా ఉడికిన దాంట్లో ఆ క్రిమి బతకదు. ఉడకని వాటితోనే తంటా."

"నూటికి ఇద్దరో ముగ్గురో అన్నారు. ఒక్క హోటల్లో ఉన్న ముగ్గురికి ముగ్గురూ అలాంటివాళ్లేనా?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అదే నాకూ మింగుడు పడటం లేదు. పొరపాటేమో అని మళ్లీ పరీక్ష చేయించాను. మళ్లీ అదే ఫలితం. పైగా వాళ్లు నా మీదే విసుక్కున్నారు. మూడు సీసాల నిండా శనగపొట్టేనట. మీ అనకాపల్లి వాళ్లు శనగలు తప్ప ఇంకేమీ తినరా అని అడిగారు."

పరదేశి లేచి నిలబడ్డాడు. ఆనందంలో మరిచిపోయి డాక్టరుకి కుడి చెంప చూపించేశాడు. డాక్టరు ఆ మీసం వైపు కాసేపు చూసి, మర్యాదస్థుడు కనుక, ఏమీ అనలేదు.

దారిలో దేముడు ఆగలేకపోయాడు. "శనగపొట్టులో ఏటున్నాది గురువుగారూ?"

"అందులోనే ఉందిరా అంతా. ముందు ఆ రాములి దగ్గరికి పద."

కాఫీ క్లబ్బు రాములు పరదేశిని చూడగానే చెమటలు కక్కాడు. నేరం చేసినవాడిలా కూర్చున్నాడు, నేరం చేసినవాడిలాగే బల్లమీద గుడ్డతో తుడిచిన చోటే తుడిచాడు. దేముడు జేబులో తాడు సరిచూసుకున్నాడు.

"నూకరత్నం హోటలు మూతపడితే నీకు లాభమేగా?"

"లాభమేటి బాబూ. నా బతుకు బుగ్గయిపోయింది," అన్నాడు రాములు గొంతు తగ్గించి. "ఎవుళికీ సెప్పకండి. మా వంటోడి ఇడ్లీ కుక్కకేత్తే కుక్క పగబడతాది. రోజూ పొద్దున్నే ఎనకదారిన ఆవిడ ఇడ్లీ తెప్పించుకుని తింటాను. మూసేసిన కాణ్నుంచీ మరమరాలు తిని బతుకుతున్నాను."

"రోజూ తిన్నావు. నీకు జ్వరం రాలేదే?"

"రాలేదు మరి."

"ఇడ్లీలోకి ఏం నంజుకుంటావు?"

"సాంబారే. కొబ్బరి పచ్చడంటే నాకు పడదు, దగ్గొత్తాది."

పరదేశి అక్కడినుంచి నేరుగా పడకేసినవాళ్ల ఇళ్లకి వెళ్లాడు. బెల్లం దుకాణంలో తూకం వేసే మనిషి భార్య దేముడమ్మ గుమ్మంలోనే చెప్పింది. "ఇడ్లీ కాదు బాబూ, ఈయన తినీది పచ్చడే. ఆకు నాకీసీవోడు." మిగతా ఇళ్లలోనూ అదే మాట. పచ్చడి, పచ్చడి, పచ్చడి. ఇడ్లీ ఆవిరి మీద ఉడుకుతుంది. సాంబారు తెర్లుతుంది. పచ్చి కొబ్బరి రుబ్బి చేసే పచ్చడి పొయ్యి మొహం చూడదు.

మూసిన హోటల్ పెరట్లో ముగ్గురూ చింతపండు నమిలినట్టు మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. వంట ఎర్రయ్యకి అరవై దాటాయి. వడ్డించే సత్తియ్య సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఎప్పుడూ ఏదో నమిలి మింగేసినట్టు మూతి తుడుచుకునే అలవాటు అతనికి ఉంది.

"ఎర్రయ్య మామా, శనగలు తింటావా?" అన్నాడు పరదేశి.

ఎర్రయ్య నోరు తెరిచి చూపించాడు. లోపల నమలడానికి పనికొచ్చే సామగ్రి ఏదీ లేదు. "అటుకులే నానబెట్టి మింగుతాను నాయనా. శనగలెక్కడ."

"నాకు శనగలు తింటే రేతిరంతా కడుపుబ్బరమే," అంది నూకరత్నం.

"నాకు ఇట్టం లేదు," అన్నాడు సత్తియ్య.

పరదేశి తల ఊపి, పెరట్లో మూల ఉన్న రుబ్బురోలు దగ్గరికి వెళ్లాడు. అది మామూలు రోలు కాదు. పొత్రం ఒక్కటే దూడంత ఉంది. దేముడు పంచె ఎగగట్టి రెండు చేతులా తిప్పబోయాడు. పొత్రం కదల్లేదు గాని దేముడి నడుం కదిలింది.

"దీన్ని ఎవరు తిప్పుతారు? ఎర్రయ్య మామకి చేత కాదు. సత్తియ్య చేతులు చూస్తే గరిటె కూడా కష్టమే."

"ఉగాది దాకా ఓ ముసిలమ్మ సిన్న రోట్లో రుబ్బీది. ఆవిడెళిపోయింది," అంది నూకరత్నం. "అప్పట్నుంచీ వస్తాదు అప్పలరాజు పొద్దున్నే తాలింఖానాలో కసరత్తు సేసొచ్చి రుబ్బిపోతన్నాడు. దండకి మంచిదని ఉత్తినే రుబ్బుతాడు. దేముడులాంటి మనిసి."

అసిస్టెంటు దేముడు తన పేరు వినగానే నడుం పట్టుకుని లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"రేపు సాయంత్రం అందరూ ఇక్కడికే రావాలి. డాక్టరుగారు, రాములు, ఆ వస్తాదు కూడా," అన్నాడు పరదేశి.

మర్నాడు సాయంత్రం హోటల్ అరుగు మీద అందరూ చేరారు. వస్తాదు అప్పలరాజు వచ్చి కూర్చునేసరికి బెంచీ రెండో చివరన ఉన్న రాములు పైకి లేచాడు. వస్తాదుది నల్లటి మేను, నూనె రాసిన దండలు, పసిపిల్లవాడి నవ్వు. ఊళ్లో తల్లులు పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు ఇతన్నే చూపించేవారు.

పరదేశి చేతులు వెనక్కి పెట్టుకుని అటూ ఇటూ నడిచాడు. ఇలాంటి రోజు కోసమే ఆయన డిటెక్టివు అయ్యాడు. గేదెల కేసుల్లో ఎవరినీ ఇలా కూర్చోబెట్టడానికి వీలుపడలేదు.

"దేముడూ, తీసుకురా," అన్నాడు.

దేముడు కంచం నిండా నానబెట్టిన శనగలు తెచ్చి ఒక్కొక్కరి ముందూ చాపాడు. ఎర్రయ్య తల అడ్డంగా ఊపాడు. నూకరత్నం పొట్ట పట్టుకుంది. సత్తియ్య మొహం తిప్పుకున్నాడు. రాములు రెండు గింజలు తీసుకుని జేబులో వేసుకున్నాడు. కంచం వస్తాదు దగ్గరికి చేరింది. అతను సంతోషంగా గుప్పెడు నోట్లో పోసుకుని, పొట్టుతో సహా నమిలి, ఇంకో గుప్పెడు తీసుకున్నాడు.

"నాకు శనగలూ పాలే తిండి బాబూ. ఇంకేటీ ముట్టను," అన్నాడు నిండు నోటితో.

పరదేశి డాక్టరు వైపు తిరిగాడు. "శనగలు ముట్టని ముగ్గురు. శనగపొట్టుతో నిండిన మూడు సీసాలు. డాక్టరుగారూ, మీరు పంపింది ముగ్గురి కడుపులు కాదు. మూడు సీసాల్లో ఒక్క కడుపు పంపారు."

వస్తాదు నమలడం ఆపి, తల వంచుకున్నాడు.

"నేను సెప్పలేదమ్మా," అన్నాడు నూకరత్నంతో. వెంటనే, "ఎర్రయ్య మామా, నేను సెప్పలేదు," అన్నాడు. ఆ వెంటనే, "సత్తియ్యా, ఆంజనేయసామి మీద ఒట్టు, నేను సెప్పలేదు," అన్నాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నువ్వు కూడానా?" అంది నూకరత్నం ఎర్రయ్యతో.

"నువ్వు కూడానేటి?" అన్నాడు ఎర్రయ్య.

డాక్టరు కుర్చీలోంచి లేచాడు. ఆయన మెడ నరాలు తేలాయి. "ఎందుకు చేశారీ పని? మీ సీసాలో మీది పెట్టడానికి ఏమొచ్చింది?"

ముందుగా ఎర్రయ్య నోరు విప్పాడు. "విశాపట్నంలో గాజుపెట్లో ఎట్టి సూత్తే మనిసి తిన్నదీ తాగిందీ అంతా బయటపడిపోతాదన్నారు బాబూ. కల్లు మానేసినట్టు ఈయమ్మ కాడ ఒట్టేసేను. మానలేదు."

"నాకు జీడిపప్పు," అన్నాడు సత్తియ్య నేల చూస్తూ. "ఉప్మాలోది. ఏరుకు తింటాను. పైన ఏసిందల్లా నా కడుపులోకే పోతాది."

"అందుకేరా ఉప్మాలో జీడిపప్పు లేదని షావుకార్లు నా మొహమ్మీద అంటారు," అంది నూకరత్నం. అంతలో అందరూ తనవైపే చూస్తున్నారని గ్రహించి, గుమ్మం మీద 'శుద్ధ శాకాహారం' అన్న అక్షరాలకేసి దీనంగా చూసింది. "మా సెల్లెలు కొండకర్లలో ఉంటాది బాబూ. అక్కడి ఆవ సెరువులో సేప రుసి మీకు తెల్దు. నెలకో పాలి ఎళ్తాను. సేప ముట్టి ఏళ్లయిందని ఊరందరికీ సెప్పుకున్నాను. పరీచ్చలో సేప కనిపిస్తే నా బోర్డు ఏటవుతాది?"

"కల్లు, జీడిపప్పు, చేప," అన్నాడు డాక్టరు. ఆయన గొంతులో కోపం ఉండాలి గాని నవ్వు అడ్డం పడింది. "అవేవీ లేబొరేటరీవాళ్లు వెతకరు. వాళ్లకి క్రిమి తప్ప ఏదీ అక్కరలేదు."

"ఈ ముగ్గురికీ ఆ సంగతి తెలియదు," అన్నాడు పరదేశి. "ఎవరి భయం వాళ్లది. ఒకరికి తెలియకుండా ఒకరు, ఊళ్లోకల్లా మచ్చలేని కడుపు ఎవరిదా అని ఆలోచించారు. ముగ్గురికీ ఒకే మనిషి తోచాడు. కల్లు తాగడు, చేప తినడు, జీడిపప్పు ఏరడు. అడిగితే కాదనడు, ఒట్టేస్తే చెప్పడు."

వస్తాదు సిగ్గుపడ్డాడు. "ఆరోగ్గెం పరీచ్చకి నాదే కావాలన్నారు బాబూ. నాకు గొప్పగా అనిపించింది. ఫస్టు మార్కు వత్తాదనుకున్నాను."

"వచ్చింది," అన్నాడు పరదేశి. ఆ మాట అన్నాక ఆయనకే బాధేసి, గొంతు తగ్గించాడు. "అప్పలరాజూ, నీకెప్పుడైనా పెద్ద జ్వరం వచ్చిందా?"

"రెండేళ్ల కితం, కశింకోటలో మామయ్యోళ్లింట్లో. సన్నిపాతం. నెల పైగా మంచం దిగలేదు. లేచాక తుమ్ము కూడా లేదు."

డాక్టరు నెమ్మదిగా కూర్చున్నాడు. రోటి సంగతి, పచ్చడి సంగతి పరదేశి చెప్పేసరికి ఆయనకి అంతా అర్థమైంది. ఉగాది దాకా ముసలమ్మ రుబ్బింది, ఊళ్లో ఎవరికీ ఏమీ కాలేదు. వస్తాదు రోటి ముందు కూర్చున్నాక జ్వరాలు మొదలయ్యాయి. పచ్చడి తిన్నవాళ్లే పడ్డారు, పచ్చడి ముట్టని రాములు పడలేదు. ఆయన వస్తాదు పక్కకి కుర్చీ జరుపుకుని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు, క్రిమి సంగతంతా చెప్పాడు. నీ తప్పు కాదు, నీకు తెలియదు, కాని నీ చేతుల మీదుగానే వెళ్లింది అన్నాడు.

వస్తాదు చేతులు రెండూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. "పడుకున్నోళ్లలో నా తాలింఖానా కుర్రోళ్లిద్దరున్నారు. ఆళ్లకి బార్లీ నీళ్లు కాసి మోసుకెళ్తంది నేనే బాబూ," అన్నాడు. తర్వాత అంత మనిషీ బెంచీ మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నూకరత్నం వెళ్లి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"ఆ ఇద్దరూ తేరుకుంటున్నారు. నిన్ననే చూశాను," అన్నాడు డాక్టరు. "ఇక బార్లీ నీళ్లు వాళ్లమ్మల్ని కాయనీ. నువ్వు ఎదటివాళ్ల తిండి ముట్టుకోకు, దొడ్డికి వెళ్లొస్తే సబ్బుతో చేతులు తోముకో. అంతే."

"మా పెరట్లో కట్టెలున్నాయి. రోజూ కొట్టిపెట్టు. నీకు దండ, నాకు పొయ్యి," అంది నూకరత్నం. వస్తాదు పై పంచెతో మొహం తుడుచుకుని తల ఊపాడు.

డాక్టరు మిగతా ముగ్గురి మీదికి తిరిగాడు. "ప్రభుత్వ పరీక్షని మోసం చేశారు. మీ మీద కేసు రాయాలి నేను."

"రాయండి," అన్నాడు పరదేశి. "కాని ఒక్క మాట. ఈ ముగ్గురూ నిజాయితీగా ఎవరిది వాళ్లు పెట్టి ఉంటే ఏమయ్యేది? మూడు సీసాలూ బాగున్నాయని వచ్చేది. మీరు మర్నాడే హోటలు తెరిపించేవారు. ఇవాళ పొద్దున్న కూడా అప్పలరాజు ఆ పచ్చడి రుబ్బుతూ ఉండేవాడు. అతన్ని అనుమానించి సీసా ఇచ్చేవాళ్లు ఈ ఊళ్లో ఎవరున్నారు?"

కేసు రాయాలో, సన్మానం చెయ్యాలో డాక్టరుకి తేలలేదు. చివరికి బ్యాగులోంచి కొత్త సీసాలు నాలుగు తీసి బల్లమీద పెట్టాడు. ఈసారి ఎవరిది వాళ్లే, ఆస్పత్రిలోనే అన్నాడు. ఒకరిది ఇంకొకరి సీసాలోకి వెళ్లకుండా గుమ్మం దగ్గర కాపలా ఉండే బాధ్యత దేముడికి పడింది. గురువుగారు అప్పగించిన మొదటి స్వతంత్రమైన పని అది. ముక్కుకి తువ్వాలు కట్టుకుని, గర్వంగా నిర్వర్తించాడు.

జవాబు వచ్చేదాకా లైసెన్సు సంగతి డాక్టరు పక్కన పెట్టించాడు. విశాఖపట్నం నుంచి జవాబు అనుకున్నట్టే వచ్చింది. వస్తాదు సీసాలో క్రిమి ఉంది, మిగతా మూడింట్లో లేదు. కల్లు గురించి, జీడిపప్పు గురించి, చేప గురించి లేబొరేటరీవాళ్లు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఎర్రయ్య ఆ సాయంత్రమే ధైర్యంగా కల్లుపాకకి వెళ్లాడు.

హోటలు తెరిచిన పొద్దున్న నూకరత్నం పొయ్యి వెలిగించి, గుమ్మంలో నీళ్లు చల్లి, ఎదురుచూస్తూ నిలబడింది. ఇడ్లీలు దిగాయి. ఎవరూ రాలేదు. బెల్లం షావుకార్లు రోడ్డుకి అవతల నిలబడి, ఆవిరి వాసన పీల్చి, దారి మార్చుకుని వెళ్లిపోయారు. రాములు తన క్లబ్బు కిటికీలోంచి చూశాడు గాని వెనకదారిన కూడా రాలేకపోయాడు. పరదేశికి సరిగ్గా ఆ పొద్దున్నే కశింకోటలో ఏదో అత్యవసరమైన గేదె తగిలింది. పురుగు లేదని కాగితం వచ్చినా ఊరికి భయం పోలేదని నూకరత్నానికి అర్థమైంది. సత్తియ్య ఆకులు కోసి పేర్చిన చోటే కూర్చుండిపోయాడు.

అప్పుడు హెల్త్ ఆఫీసరుగారు సైకిలు మీద వచ్చాడు. లోపల బల్లలున్నా వెళ్లలేదు. వీధిలోకి కనిపించే బెంచీ మీదే కూర్చుని, "ఇడ్లీ పెట్టమ్మా. పచ్చడి ఎక్కువ వెయ్యి," అన్నాడు రోడ్డవతలికి వినపడేలా.

నూకరత్నం ఆకు వేసి, వడ్డించింది.

"పచ్చడి ఎవరు రుబ్బారు?"

"నానే బాబూ. సిన్న రోట్లో. సబ్బుతో కడుక్కునే రుబ్బేను," అని అరచేతులు చాపింది. అలవాటు లేని పొత్రం తిప్పి వేళ్ల మొదట్లో బొబ్బలెక్కాయి.

డాక్టరు ఆ చేతులకేసి చూసి, తల వంచుకుని, పచ్చడి బాగా అద్దుకుని మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. రోడ్డవతల వాళ్లు కూడా ఆయనతోపాటు మింగారు.

"కాస్త ఉప్పు తగ్గిందమ్మా," అన్నాడు.

నూకరత్నానికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ లోపలికి పరిగెత్తింది. ఆమె ఉప్పు తెచ్చేలోగా బెంచీ మీద ఇంకో ఇద్దరు కూర్చున్నారు.